ఐదున్నరకి వెళ్లనిచ్చిన మనిషి

నా భార్య పోయినప్పుడు పరామర్శకు వచ్చినవాళ్లలో సరిగ్గా ప్రవర్తించింది మా మేనేజరు ఒక్కడే. ఆయన మీద నాకున్న అసహ్యం ఇన్నేళ్లయినా తగ్గలేదు కాబట్టి, ఆయన చేసిన మంచిపని దగ్గరే మొదలుపెట్టడం న్యాయం.

యీషున్‌లో ఆరో అంతస్తులో అద్దె ఫ్లాటు మాది, ఈ దీవి దేశానికి ఉత్తరపు కొసన. జ్వరమని తన కాళ్ల మీద తానే నడిచి ఆసుపత్రికి వెళ్లిన మనిషి పదకొండో రోజున లేదు. పాపకి అప్పుడు ఐదేళ్లు. కర్నూలు నుంచి మా అత్తగారు వచ్చేలోపు ఇంట్లో నేనూ, పాపా, మూయడం మరిచిపోయిన వీధి తలుపూ. తెలిసిన తెలుగువాళ్లు జట్లుగా వచ్చారు. ప్లేట్‌లెట్లు ఎంతకి పడిపోయాయని ఒకాయన అంకె అడిగాడు. ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లి ఉండాల్సిందని ఒకావిడ నాకు చెప్పింది. కారిడార్‌లో ఇద్దరు ఇక్కడి స్థిరనివాసం కోసం పెట్టిన తమ పీఆర్ అప్లికేషన్ల సంగతి మాట్లాడుకోవడం నాకు లోపలికి వినిపించింది. వాళ్ల మీద నాకు కోపం రాలేదు. చావింట్లో ఏం మాట్లాడాలో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు.

మా మేనేజరుకి తెలుసు. చెప్పులు బయట విడిచి వచ్చి, సోఫా ఖాళీగా ఉన్నా నా పక్కన చాప మీద కూర్చున్నాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత పాపను దగ్గరికి పిలిచి, "పొద్దున ఏం తిన్నావమ్మా?" అని అడిగాడు. బ్రెడ్ అంది పాప. ఆయన తలాడించాడు. ఇంకొంచెంసేపు కూర్చుని, నా భుజం మీద చెయ్యి వేసి, తీసి, లేచి వెళ్లిపోయాడు. వెళ్లొస్తానని అనలేదు. చావు జరిగిన ఇంటి నుంచి మనవాళ్లు ఆ మాట చెప్పి వెళ్లరు. మళ్లీ అలాంటి పని మీద ఆ ఇంటికి రావలసిన అవసరం పడకూడదని. పదేళ్లుగా ఈ దేశంలో ఉంటున్న మనిషికి ఆ పద్ధతి గుర్తుండటం ఆ రోజు నా మనసుకి పట్టింది.

అదే సాయంత్రం మా టీములోనే పనిచేసే ఒకామె వచ్చింది. కరీంనగర్ వైపు మనిషి. భర్త షిప్‌యార్డులో సూపర్‌వైజరు, ఇల్లు జురాంగ్ వెస్ట్‌లో. ఆఫీసులో ఆమె ఫోన్ మాట్లాడితే అంతస్తంతా వినాల్సిందే. వస్తూనే గట్టిగా ఏడ్చింది. పక్క ఫ్లాటులోని చైనీస్ అంకుల్ తలుపు తీసి చూశాడు. నా భార్యను ఆమె రెండు మూడు సార్లకు మించి చూసి ఉండదు, అయినా "వదినా, వదినా" అని ఏడ్చింది. వెళ్లేటప్పుడు అలవాటు కొద్దీ, "పోయొస్త అన్నా" అనేసింది. ఒక ఆంటీ ఆమె మోచెయ్యి గిల్లింది. "అయ్యో, నా నోరు పడిపోను" అని ఆమె నోరు మూసుకుని, లిఫ్టు కోసం ఆగకుండా మెట్ల మీద దిగిపోయింది.

మూడో రోజు పొద్దున స్టీలు క్యారియర్‌తో మళ్లీ వచ్చింది. జురాంగ్ ఈస్ట్‌లో రైలు మారి, ఉడ్‌ల్యాండ్స్ మీదుగా దీవి సగం చుట్టి, గుమ్మం ముందు నిలబడింది.

"పోయొస్త అన్న గద. వచ్చిన" అంది.

అన్నం, పప్పు, బెండకాయ వేపుడు. పాప ఇన్ని రోజుల తరువాత కడుపునిండా తిన్నది ఆ పూటే. ఆ నెలంతా ఆమె రోజు విడిచి రోజు వచ్చింది. వచ్చినప్పుడల్లా అనకూడని మాట ఏదో ఒకటి అనేది. "ఇంక ఎంత కాలం ఉంటవ్ గిట్ల, మళ్ల చేసుకోవాలె" అని పదో రోజునే అంది. మా అత్తగారు వంటింట్లో ఉండగానే అంది.

అత్తగారికి ఇచ్చిన విజిట్ పాసు నెలరోజులది. వెళ్లే ముందు రోజు ఆమె పాప బట్టలు మడత పెడుతూ, "నీతో కాకుంటే పిల్లను మా దగ్గరికి తోలియ్యి నాయనా. తప్పుగా అనుకోవద్దు. మగాడివి, ఉద్యోగం చేసేవాడివి" అంది. అందులో తప్పు లేదు. నేను మాత్రం పంపను అన్నాను. ఒకటో తరగతిలో చేరేదాకానైనా నా దగ్గరే ఉంటుందన్నాను. తల్లిని పోగొట్టుకున్న పిల్ల తండ్రిని కూడా ఫోనులోనే చూడాలా అన్నాను. ఆమె నా మొహం చూసి, "సాయంత్రం పూట ఎవరు చూస్తారు మరి?" అని ఒక్కటే అడిగింది.

అదే అసలు ప్రశ్న. మా బ్లాకుకి రెండు బ్లాకుల అవతల కింది అంతస్తులో చైల్డ్‌కేర్ ఉండేది. ఏడింటికి మూసేవాళ్లు. నా ఆఫీసు దీవికి ఆ చివర రాఫెల్స్ ప్లేస్‌లో. ఒక బ్యాంకు రుణాల వ్యవస్థని పాత కంప్యూటర్ల నుంచి కొత్తవాటికి మార్చే పని మాది. మన ఊళ్ల నుంచి కుర్రాళ్లని విమానాలకెత్తి తెస్తున్న రోజులవి. ఎనిమిదికి ముందు కుర్చీ లేచినవాడిని వింతగా చూసేవాళ్లు. నేను ఏడింటికి యీషున్‌లో ఉండాలంటే సాయంత్రం ఐదున్నరకి కుర్చీ లేవాలి. లేవగలిగితే పాప నా దగ్గర ఉంటుంది. లేకపోతే కర్నూలు వెళ్తుంది.

అత్తగారు వెళ్లిన వారానికి, సెలవు అయిపోయి నేను మళ్లీ ఆఫీసుకి వెళ్లిన మొదటి రోజునే మేనేజరు నన్ను కింద కాఫీకి తీసుకెళ్లాడు.

"సార్ అనొద్దయ్యా. అన్నా అను. మనం మనం ఒకటి" అన్నాడు. ఆయనది గుంటూరు వైపు. ఆఫీసులో ఇంగ్లీషు తప్ప మాట్లాడడు. కింద టేబుల్ దగ్గర మాత్రం తెలుగు. "పాప సంగతేంటి? సాయంత్రం ఎవరు జూస్తన్నారు?"

చెప్పాను.

"ఐదున్నరకి లేచి వెళ్లిపో. ఎవుడన్నా అడిగితే నా పేరు జెప్పు. మిగతాది నేను చూసుకుంటాగా."

నేను కప్పు ముందు పెట్టుకుని ఏడ్చాను. ఆయన టిష్యూ ప్యాకెట్టు నా వైపు జరిపి కూర్చున్నాడు. తొందర పెట్టలేదు. ఆ నిశ్శబ్దంలో ఎవరికీ చెప్పనిది ఆయనకి చెప్పాను. పాపకి జడ వేయడం నాకు రాదు. రెండు రబ్బరు బ్యాండ్లు చెరోవైపు పెట్టి పంపుతుంటే, చైల్డ్‌కేర్‌లో పిల్లలు ఏదో అన్నారట. అమ్మలాగా వేయమని అడిగింది. నా భార్య పాత చున్నీ ఒకటి తీసి, మూడు పాయలుగా చింపి, కుర్చీ వీపుకి కట్టి, పాప నిద్రపోయాక జడ అల్లడం నేర్చుకున్నాను. మొదటి పాయ చింపినప్పుడు బట్ట చేసిన చప్పుడు నాకు ఇంకా వినపడుతోందని చెప్పాను. ఆయన కళ్లు తడి అయ్యాయి. అవి నిజమైన కన్నీళ్లేనని నేను ఇప్పటికీ అనుకుంటాను. అందుకే ఆయన్ని నటుడని కొట్టిపారేయలేను.

నాలుగు నెలలు ఐదున్నరకి లేచాను. ఎవరూ ఏమీ అనలేదు. పాప జడ క్రమంగా తిన్నగా వచ్చింది.

ఆ మధ్యలో ఆయన్ని కంపెనీ మూడు రోజుల శిక్షణకి పంపింది. ఏదో హోటల్లో. నాయకులకి భావోద్వేగాల తెలివి గురించి. ఆయన దాన్ని ఈక్యూ అనేవాడు. తిరిగి వచ్చాక నేను పుస్తకాలు చదువుతానని తెలిసి, అక్కడ ఇచ్చిన పుస్తకం నాకు అరువిచ్చాడు. రైల్లో రెండు రోజుల్లో చదివాను. చెడ్డ పుస్తకం కాదు. ఎదుటి మనిషి మాట తుంచకుండా వినమంది, కోపం వచ్చినప్పుడు జవాబు ఆలస్యం చేయమంది, పేరు పెట్టి పిలవమంది. అన్నీ మా నాయనమ్మకి తెలిసినవే. అన్నీ చదివాక ఒక్క సంగతి గమనించాను. ఎలా వినాలో అధ్యాయాలకి అధ్యాయాలు ఉంది. విన్నదాన్ని ఏం చేయకూడదో ఒక్క వాక్యం లేదు.

పుస్తకం తిరిగి ఇచ్చిన రోజునే నన్ను మళ్లీ కిందికి తీసుకెళ్లాడు.

"కొత్త సిస్టమ్ రిలీజ్ అయ్యాక టీములో ఒకళ్లని తగ్గించమంటన్నాడు క్లయింటు" అన్నాడు. "ఎవర్నీ పంపటం నాకు ఇష్టం లేదనుకో. కాకపోతే ఎవరి పరిస్థితి ఏందో తెలిస్తే, వాళ్లకి దెబ్బ తగలకుండా చూడొచ్చు. మన కరీంనగర్ అమ్మాయి ఈ మధ్య మాటిమాటికీ లేచి వెళ్తంది. మొహం పీక్కుపోయింది. నేనడిగితే బెదిరిపోద్ది. నిన్ను అన్నా అంటది గదా. కొంచెం కనుక్కో."

నేను కప్పులో చెంచా తిప్పాను.

"నీ దగ్గర జనం మనసు విప్పుతారయ్యా. నేను చూశాను. దెబ్బ తిన్న మనిషివి. నీ ముందు ఎవరూ అబద్ధమాడలేరు. అది నీ స్ట్రెంగ్తు, అర్థమైందా? ఊరికే పోనివ్వమాక."

నా భార్య చావు నాకు ఒక అర్హత అని ఆయన చెబుతున్నాడు. చిరునవ్వుతో, ప్రేమగా చెబుతున్నాడు. కాఫీ నాలుక మీద చల్లగా, జిడ్డుగా తగిలింది. లేచి వెళ్లాల్సింది. ఆయన మాట ఇంకా అయిపోలేదు.

"నీ ఐదున్నర సంగతి కూడా క్లయింటు రెండుసార్లు అడిగాడు. నేనే ఆపుతన్నా. అది నువ్వేం మనసులో పెట్టుకోమాక."

ఆ రెండు మాటలకీ సంబంధం ఉందని ఆయన అనలేదు. నాకు అర్థం కాలేదని రాస్తే అబద్ధం.

మరుసటి రోజు మధ్యాహ్నం ఆమెను భోజనానికి పిలిచాను. తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో ఆమె ముందే పరుగెత్తి, టిష్యూ ప్యాకెట్టు విసిరి టేబుల్ చోప్ చేసింది. "ఇగ దా అన్నా, ఇది మనదే" అంది. ఎవరైనా టేబుల్ పట్టేసుకోవడాన్ని ఇక్కడ అలా అంటారు, ఆమెకు ఆ మాటంటే మహా ఇష్టం. రెండు దోసెలు తెచ్చాను. ఆమె ఒక ముక్క తుంచి, వేపుడు వాసన వచ్చిన వైపు నుంచి మొహం తిప్పుకుంది.

నేను ఆమెకు ఎదురుగా కాకుండా పక్కన కూర్చున్నాను. ఏమీ అడగలేదు. చాలాసేపు ఊరుకున్నాను. "పొద్దున ఏమన్నా తిన్నావా?" అన్నాను ఆ తరువాత. ఆ మాట నా నోట్లోంచి వస్తుండగానే అది ఎవరి మాటో నాకు తెలిసింది.

"ఏం తింట అన్నా. తిన్నది తిన్నట్టు బయటికే వస్తంది" అని ఆమె నవ్వింది. తరువాత చుట్టూ చూసి, ఆ అంతస్తంతా వినిపించే గొంతుని నేనెప్పుడూ విననంత తగ్గించింది. "మూడో నెల. ఎవ్వరికి చెప్పలే. ముందుగాల రెండు పోయినయ్ గద, భయమైతంది. వచ్చే నెల కాంట్రాక్టు రెన్యువల్. సంతకం అయినంక చెప్త. గప్పటిదాక నువ్వు నోరు తెర్వకు."

"తెరవను."

"వదిన ఉంటే ఆమెకే ముందుగాల చెప్తుంటి" అని, నా దోసెలోంచి కారం లేని ముక్క ఒకటి తీసుకుంది.

ఆ సాయంత్రం ఐదు గంటల ఇరవై నిమిషాలకి మేనేజరు నా కుర్చీ దగ్గరికి వచ్చాడు. వంగి, తెలుగులో అడిగాడు.

"ఏమంటదయ్యా?"

"పెద్దగా ఏం లేదన్నా" అన్నాను.

ఆయన కదల్లేదు. గోడ మీది గడియారం చూడలేదు. నా మొహమే చూస్తూ, ఎదురుచూస్తూ నిలబడ్డాడు. అది ఆయన విద్య. ఊరుకుంటే ఎదుటివాడు ఆ ఖాళీని తానే నింపుతాడు. నాకు ఆ విద్య తెలుసు, పుస్తకంలో చదివాను, మధ్యాహ్నం నేనే వాడాను. అయినా నింపాను.

"మంచి విషయమేలే" అన్నాను.

ఆయన మొహం విప్పారింది. ముప్పై అయిదేళ్ల ఇల్లాలు, పీక్కుపోయిన మొహం, మాటిమాటికీ లేవడం, మంచి విషయం. "ఓ. సంతోషం, సంతోషం" అని నా భుజం తట్టి వెళ్లిపోయాడు. నేను సంచి తీసుకుని లేచాను. రైల్లో సీటు దొరికింది. చైల్డ్‌కేర్ దగ్గరికి ఏడుకి పది నిమిషాలుండగా చేరాను. పాప బూట్లు వేసుకుని, సంచి తగిలించుకుని, టీచరు పక్కన కూర్చుని ఉంది.

రహస్యం చెప్పలేదు కదా అని ఆ రోజు నుంచి నాకు నేను చెప్పుకున్నాను. మంచి విషయం అన్నానంతే. ఈ వాదన ఎన్నిసార్లు నెమరు వేశానో లెక్కలేదు. ఎప్పుడు వేసినా దాని రుచి ఒకటే.

రెండు వారాల తరువాత అన్ని టీములనీ పెద్ద హాలులోకి పిలిచారు. మా మేనేజరు శిక్షణలో నేర్చుకున్నదాన్ని అందరికీ చెప్పాలి. నేను మధ్య వరసలో కూర్చున్నాను. కరీంనగర్ ఆమె నా పక్కన, వాంతి వస్తే బయటికి పోవడానికి వీలుగా చివరి కుర్చీలో. ఆయన మొదట ఏవో బొమ్మలు చూపించాడు. తరువాత తెర మీద ఒక ఖాళీ చాప బొమ్మ వచ్చింది.

మా టీములో ఒకరికి భార్య పోయింది, అన్నాడు ఇంగ్లీషులో. నేను ఏం చేశానో చెబుతాను. ఆ మనిషి నేల మీద ఉంటే నువ్వూ నేల మీదే కూర్చో. మొదటి మూడు నిమిషాలు నువ్వు మాట్లాడకు. చావు గురించి అడగకు, పిల్ల ఏం తిన్నదో అడుగు. మా సంస్కృతిలో వెళ్లేటప్పుడు వెళ్లొస్తాననరు, ఎందుకంటే అని వివరించాడు. హాలంతా అబ్బురంగా ఒక శబ్దం చేసింది. ఒక్కొక్కటీ ఒక్కొక్క లైనుగా, పక్కన చిన్న టిక్కు గుర్తుతో తెర మీదికి వచ్చింది.

నేను నా చేతులు చూసుకుంటూ కూర్చున్నాను. అప్పటికింకా అసహ్యం రాలేదు. పద్ధతి తెలిసినవాడు పద్ధతి చెబుతున్నాడు, అంతే కదా అనుకున్నాను.

తరువాత ఆయన చున్నీ గురించి చెప్పాడు.

మూడు పాయలు, కుర్చీ వీపు, చిరిగిన చప్పుడు. ఒక్కటీ వదల్లేదు. సరైన చోట ఆగాడు. గొంతు సరైన చోట వణికింది. ముందు వరసలో కూర్చున్న హెచ్చార్ ఆమె కళ్లు తుడుచుకుంది. "సో టచింగ్ లా" అని పక్కనామెతో అంది. తెర మీద ఆఖరి లైను వచ్చింది. ఫలితం: ఆ మనిషి ఒక్కరోజు కూడా అదనపు సెలవు పెట్టలేదు, రిలీజు వెనక్కి జరగలేదు. "అతను ఇక్కడే ఉన్నాడు" అని ఆయన నా వైపు చెయ్యి చాపాడు. "ఇది మీతో పంచుకోనిచ్చినందుకు అతనికి కృతజ్ఞతలు."

నన్ను ఎవరూ అడగలేదు. హాలంతా చప్పట్లు కొట్టింది. నేను సగం లేచి, తల వంచి, నవ్వాను. ఆ నవ్వు నా మొహం మీదికి ఎలా వచ్చిందో తెలియదు. వచ్చింది. నా భార్య బట్ట చిరిగిన చప్పుడుకి చప్పట్లు కొట్టిన హాలుకి నేను నవ్వుతూ నమస్కారం పెట్టాను.

కూర్చున్నాక కరీంనగర్ ఆమె నా వైపు ఒరిగి, "వదిన చున్నీయా అన్నా?" అంది.

తలాడించాను.

"గా ముచ్చట గాయనకెందుకు చెప్పినవ్?"

చప్పట్లు ఆగాయి. ఆమె ముందుకు తిరిగింది. తెర మీది టిక్కు గుర్తుల్ని కాసేపు చూసింది. అప్పుడు మళ్లీ నా వైపు తిరగకుండానే, మామూలు గొంతుతో అడిగింది.

"నా ముచ్చట సుత చెప్పినవా?"

నేను ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం ఏ పుస్తకంలోదీ కాదు.

పై వారం బుధవారం, మేనేజరు రిసెప్షన్ బల్ల మీది టిష్యూ డబ్బా తీసుకుని చిన్న మీటింగు గదిలోకి వెళ్లడం చూశాను. ఖాళీ చేతులతో బయటికి వచ్చాడు. పది నిమిషాల తరువాత ఆమెను లోపలికి పిలిచాడు. గాజు తలుపు. ఆయన బల్లకి అవతల కూర్చోలేదు, ఆమె పక్కన కుర్చీ వేసుకున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తెలుగులో మాట్లాడుతున్నాడని పెదవుల కదలిక బట్టి తెలిసింది. ఆమె రెండు టిష్యూలు తీసుకుంది. నలభై నిమిషాల తరువాత ఆమె వచ్చి, కుర్చీలో కూర్చుని, సొరుగులోంచి తన సామాను తీయడం మొదలుపెట్టింది. కాంట్రాక్టు పొడిగించలేదు. ఆమెకి ఇచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది. అందులో కడుపు మాట లేదు, టీము అవసరాలు మారాయని ఉంది. ఆయన ఆ టిష్యూ డబ్బాని తీసుకొచ్చి రిసెప్షన్‌లో మళ్లీ సరిగ్గా అదే చోట పెట్టాడు.

ఇన్నేళ్లలో ఆయన్ని ఎప్పుడు తలుచుకున్నా నాకు ముందు కనపడేది ఆ డబ్బానే. ముందే తీసుకెళ్లి పెట్టిన ఆ డబ్బా.

ఆమె ఉద్యోగం పోతే భర్త ఒక్కడి జీతంతో ఇక్కడ కాన్పు చేయించుకోవడం కుదరదు. కరీంనగర్ వెళ్లి తల్లి దగ్గర ఉండాలని నిశ్చయించుకున్నారు. ఆదివారం ఆమె మా ఇంటికి వచ్చింది. క్యారియర్ మా దగ్గరే ఉండిపోయింది, సామాను సర్దుకుంటూ గుర్తొచ్చిందట. నేను దాన్ని కడిగి, ఖాళీగా ఇవ్వకూడదని పంచదార పోసి ఉంచాను. ఆమె మూత తీసి చూసి, మళ్లీ పెట్టింది. పాప పరుగెత్తుకొచ్చి ఆమె ఒళ్లో కూర్చుంది.

"ఎవరేసిండ్రే నీకు గీ జడ?"

"నాన్న."

"ఎడమ దిక్కు లూజున్నది సూడు" అని, బ్యాండు తీసి, విప్పి, వేళ్లతోనే దువ్వి మళ్లీ అల్లింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూశాను.

"నన్ను క్షమించు" అన్నాను.

ఆమె అల్లడం ఆపలేదు. "నువ్వు చెప్పకున్న తెలుస్తుండె అన్నా. కడుపు ఎన్ని రోజులు దాగుతది."

నాకు కొంచెం ఊపిరి వచ్చింది. అది ఆమె చూసింది.

"గాని సంతకం దాక దాగుతుండె" అంది.

బ్యాండు వేసి, జడ చివర ఒకసారి లాగి చూసింది. పాప తలని ముద్దు పెట్టుకుంది. క్యారియర్ తీసుకుని, చెప్పులు వేసుకుని, ఒక్క మాట కూడా చెప్పకుండా లిఫ్టు వైపు నడిచింది. లిఫ్టు రావడానికి చాలా సేపు పట్టింది. ఆమె దాని తలుపునే చూస్తూ నిలబడింది. నేను గుమ్మంలోనే ఉన్నాను. "ఆంటీ నాట్ కమింగ్ బ్యాక్, ఆ?" అని పాప నన్ను అడిగింది.

సోమవారం మేనేజరు నా దగ్గరికి వచ్చి, వంగి, "కలిశావా ఆ అమ్మాయిని? ఎట్టా ఉంది పాపం?" అన్నాడు. కళ్లలో అదే తడి.

"ఇంగ్లీషులో అడగండి" అన్నాను.

ఆయన అర్థం కానట్టు చూశాడు.

"నన్ను ఏదైనా అడగాలంటే ఇంగ్లీషులో అడగండి సార్. రాసేది ఇంగ్లీషులోనే కదా."

ఆయన నొచ్చుకున్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు, నటన కాదు. తన వల్ల మేలు పొందినవాడు ఇలా మాట్లాడతాడని ఆయన అనుకుని ఉండడు. నిలబడి, నాలుగు సెకన్లు ఊపిరి పీల్చి, జవాబు ఆలస్యం చేశాడు. పుస్తకంలో ఉన్నట్టే. తరువాత, "ఐ అండర్‌స్టాండ్ హౌ యూ ఫీల్" అని తన గదిలోకి వెళ్లాడు.

నేను చేసిన తిరుగుబాటు అంతే. రాజీనామా చేయలేదు. ఆమె కోసం ఎవరికీ ఉత్తరం రాయలేదు. ఆ రోజు సాయంత్రం ఐదున్నర అయింది. ఆయన గాజు తలుపు వెనక నుంచి చూస్తుండగా సంచి తీసుకున్నాను. ఈ మాటతో నా ఐదున్నర పోతుందేమోనని పొద్దుటి నుంచి భయపడుతూనే ఉన్నాను. ఆయన ఆపలేదు. చెయ్యి ఎత్తి, వెళ్లమన్నట్టు ఊపాడు. పాప ఒకటో తరగతిలో చేరేదాకా, ఏడాదిన్నర పాటు, ఒక్కరోజు కూడా ఆపలేదు. మాట నిలబెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం రైలు త్వరగా దొరికింది. ఆరున్నరకే చైల్డ్‌కేర్ దగ్గర ఉన్నాను. పాప ఇంకా బూట్లు కూడా వేసుకోలేదు. ముందు రోజు ఆమె వేసిన జడ విప్పనివ్వకుండా అలాగే వచ్చింది, బిగువు ఇంకా పోలేదు.

"నాన్నా, టుడే యూ సో ఎర్లీ లా" అంది.

అవునన్నాను.